ఫుప్పూ బయాన్

మన కోర్టుల్లో తెలుగు నడుస్తుందంటారు గానీ, చెవి పెట్టి వింటే అందులో సగం మా ఇంటి జుబానే. వకీలు, వకాల్తా, దావా, అర్జీ, దాఖలు, హాజరు, అసలు, నకలు, జప్తు, జామీను, అమీను. రాజమండ్రి కోర్టు గేటు దగ్గర టీ తాగుతున్న ఏ రైతునైనా అడగండి, ఇవన్నీ తన అమ్మ నేర్పిన మాటలేనంటాడు. నిజమే, ఇప్పుడవి అతనివే. కాకపోతే కొన్ని మాటలు మా ఇంట్లోంచి కోర్టుకెళ్లి వేషం మార్చుకున్నాయి. మాకు ‘వాదా’ అంటే ఇచ్చిన మాట. కోర్టులో ‘వాయిదా’ అంటే ఇవాళ పని కాలేదు, మళ్లీ రమ్మని.

అన్నిటికన్నా వింత ‘ముద్దాయి’. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, నాకు ఫలానా హఖ్ ఉందని అడిగేవాడు. ఎవరి మీద దావా పడిందో అతను ముద్దాఅలైహ్. తెలుగులోకి వచ్చేసరికి ముద్దాయి అంటే నేరం మోపబడ్డవాడు అయిపోయాడు. ఆ ‘అలైహ్’ అనే తోక ఏ కచేరీ మెట్ల మీద రాలిపోయిందో గానీ, అడిగేవాడు కాస్తా బోనులో నిలబడ్డాడు.

మాటలో సగం రాలిపోతే మనిషి గతి ఏమవుతుందో నాకు మా ఫుప్పూ కేసు నేర్పింది. కోర్టు పక్షి కాని వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. కింది కోర్టులో ఏం దాఖలైతే అదే పై కోర్టుకు వెళుతుందని, దాఖలు కానిది ఎంత నిజమైనా అక్కడ లేనట్టేనని చాలామందికి తెలియదు. తెలిసేసరికి కేసు అయిపోతుంది.

ఫుప్పూ అంటే మా అబ్బా చెల్లెలు. దాదా పోయేనాటికి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. దాదీ అంతకుముందే అల్లాహ్‌ను చేరుకుంది. షరియత్ లెక్క సులువు. కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. మొత్తం ఐదు పాళ్లలో ఫుప్పూ హిస్సా ఒకటి. తర్కా అంటే జాగీరేమీ కాదు. కోనసీమలో ఒక పెంకుటిల్లు, వెనక అరెకరం కొబ్బరి తోట. ఫుప్పాజాన్ పోయాక ఫుప్పూ రాజమండ్రిలో అద్దె గదిలో ఉంటూ జాకెట్లకు హెమ్మింగు చేసి బతికింది. తోటలో దింపు జరిగినప్పుడల్లా డబ్బు మా తాయా కొడుకుల చేతికే వెళ్లేది. అబ్బా నచ్చజెప్పి చూశాడు. పెద్దమనుషులు చెప్పి చూశారు. చివరికి ఫుప్పూ విభజన దావా వేసింది. బంధువులు ఆమెనే తప్పుపట్టారు. పుట్టింటి మీద కోర్టుకెక్కిన ఆడది అన్నారు. ఆమె మాత్రం, “నేను ఖైరాత్ అడగట్లేదు, హిస్సా అడుగుతున్నా” అంది.

అప్పుడు అవతలివాళ్లు ఒక స్టాంపు కాగితం బయటికి తీశారు. 1991లో రాసిన విడుదల పత్రమట. పదిహేను వేలు తీసుకుని తన హిస్సా వదులుకున్నట్టు రాసి ఉంది. రిజిస్టరు కాలేదు. స్టాంపు కూడా చాలినంత లేదు. కింద ఫుప్పూ అంగూఠా మాత్రం ఉంది.

సివిల్ కేసుల్లో సాక్షి చెప్పదలచుకున్నది 2002 నుంచి అఫిడవిట్ రూపంలోనే ఇస్తున్నారు. కోర్టు ఎదుట నోటితో చెప్పేది ఎక్కువగా క్రాస్‌లోనే, మా వాళ్ల మాటలో జిరహ్. ఫుప్పూ జిరహ్ రోజు మా వకీలు సాబ్ వేరే కోర్టులో ఇరుక్కుపోయారు. జూనియర్ని పంపారు. డఫేదారు పేరు మూడుసార్లు పిలిచాడు. ఫుప్పూ చెప్పులు గుమ్మం బయట విడిచి, కొంగు సర్దుకుని బోనెక్కింది.

ఎదుటి వకీలు ఆ కాగితం చూపించి అడిగాడు, “ఈ వేలిముద్ర మీదేనా?”

“నాదే అయ్యా. బ్యాంకు లోను కోసమని మా అన్న వేయించాడు. అందులో ఏముందో ఎవరూ చదివి చెప్పలేదు.”

జడ్జి గారు స్టెనోకు చెప్పారు. స్టెనో టైపు చేశాడు. కాగితం మీద ఎగ్జిబిట్ బి-3 అని పడింది. ఏమైనా అభ్యంతరం ఉందా అన్నట్టు జడ్జి గారు ఒకసారి మావైపు చూశారు. జూనియర్ ఫైలులో ఏదో వెతుక్కుంటున్నాడు. తల ఎత్తలేదు. ఆ ఒక్క ఖామోషీ ఖరీదెంతో మాకు రెండేళ్ల తర్వాత తెలిసింది.

జిరహ్ అయ్యాక బయాన్ కింద వేలిముద్ర వేయమని కాగితాలు ముందు పెట్టారు. చాలామంది అక్కడ మారు మాట్లాడకుండా వేసేస్తారు. వెనక ఇంకో కేసు పిలుస్తుంటారు, బంట్రోతు తొందర చేస్తుంటాడు. ఫుప్పూ బొటనవేలు ముడిచి, “చదవండి” అంది. బెంచి క్లర్కు చదివాడు. అంగూఠా దగ్గరికి వచ్చేసరికి అందులో ఉన్నది ఒకే వాక్యం: బి-3 మీద ఉన్న వేలిముద్ర నాదే.

ఫుప్పూ వెనక్కి తిరిగి నన్ను చూసి, “ఆధీ బాత్ కాఁ గయీ?” అంది. సగం మాట ఎక్కడికి పోయింది అని. నాకు అక్కడ నోరు విప్పే హక్కు లేదు. తనే జడ్జి గారి వైపు తిరిగి తెలుగులో చెప్పింది. “అయ్యా, నేను రెండు మాటలు చెప్పాను. ఒకటే రాశారు.”

ఎదుటి వకీలు లేచాడు. తాను వేలిముద్ర గురించే అడిగానని, మిగతాది అడగకుండా చెప్పిందని, రాయనక్కర్లేదని వాదించాడు. జడ్జి గారు ఒక్క క్షణం ఆలోచించి, ప్రశ్నను ప్రశ్నలాగా, జవాబును ఆమె చెప్పినట్టుగానే పూర్తిగా, ఆ వకీలు అభ్యంతరంతో సహా రాయించారు. మళ్లీ చదివించారు. అప్పుడు ఫుప్పూ వేలు ఇంకులో పెట్టింది.

బస్టాండులో నేను మెచ్చుకోబోతే ఆమె తేలిగ్గా తీసేసింది. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అప్పు రాసుకోవడం గురించే కదా అంది. నిజమే, సూరా బఖరాలో 282వ ఆయత్. అప్పు చిన్నదైనా పెద్దదైనా రాసుకోమని, గవాహీలను పెట్టుకోమని, బాకీ ఉన్నవాడే చెప్పి రాయించాలని అందులో ఉంది. ఫుప్పూ చదవలేదు. మౌల్వీ సాబ్ తఖ్రీర్‌లో విని గుర్తు పెట్టుకుంది. “రాయడం అంత ముఖ్యం కాకపోతే అల్లాహ్ అంత పొడవు చెప్పేవాడా?” అంది.

అయినా కింది కోర్టులో దావా కొట్టేశారు. వేలిముద్ర ఒప్పుకుంది, కాగితం అభ్యంతరం లేకుండా మార్కయింది, కాబట్టి హిస్సా వదులుకున్నట్టే అని ఫైసలా.

అప్పీలు కోసం మేం రాజమండ్రిలో ఒక పెద్ద వకీలు గారి దగ్గరికి వెళ్లాం. పాత తూర్పు గోదావరికి కలెక్టరు కాకినాడలో ఉన్నా జిల్లా కోర్టు మాత్రం రాజమండ్రిలోనే ఉండేది. అందుకే ఈ ఊళ్లో వకీళ్ల కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఫుప్పూ ఆయనతో తన గోడు మొదటి నుంచి చెప్పబోయింది. ఆయన చేయెత్తి, “అమ్మా, ఇక మీరు చెప్పేది కాదు, కట్ట చెప్పాలి” అని ఫైలు మీద తట్టారు.

తర్వాత ఓపిగ్గా విడమరిచారు. మొదటి అప్పీలులో జడ్జి గారు వాస్తవాలనూ చట్టాన్నీ మళ్లీ మొదటి నుంచి చూడొచ్చు. అయితే చూసేది కింది నుంచి వచ్చిన రికార్డునే. సాక్షులను మళ్లీ పిలవరు. కొత్త సాక్ష్యానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరు 27వ రూలు మూడే తలుపులు పెట్టింది. తీసుకోవాల్సిన సాక్ష్యాన్ని కింది కోర్టు కాదని ఉండాలి. లేదా, ఎంత శ్రద్ధ పెట్టినా అప్పట్లో అది మన చేతికి అంది ఉండకూడదు. లేదా తీర్పు చెప్పడానికి పై కోర్టుకే అది అవసరం అనిపించాలి. ‘అప్పుడు చెప్పడం మరిచిపోయాం’ అనే తలుపు లేదు. ఆ పైన హైకోర్టుకు రెండో అప్పీలుంది గానీ, నూరో సెక్షన్ కింద అక్కడ ముఖ్యమైన చట్ట ప్రశ్న ఉంటేనే వింటారు.

ఫుప్పూ మొహం వాడిపోవడం చూసి ఆయన పిఠాపురం కేసు చెప్పారు. వకీళ్లందరూ చదువుకునే కేసే గానీ మన పక్క ఊరి కథ అని మాకు తెలియదు. పిఠాపురం దివాన్ దగ్గర ప్యూన్‌గా పనిచేసిన ఒకాయన, దివాన్ గారి కూతురికి 1936లో విడతలుగా మూడు వేల రూపాయలు వడ్డీకిచ్చాడు. 1937 మార్చి 20న ఆయనకు ఒక ఉత్తరం వచ్చింది. బాకీ తీసుకోవడానికి ఆవిడ బరంపురం రమ్మందని భార్యతో చెప్పి మర్నాడు రైలెక్కాడు. మార్చి 23న పూరీ స్టేషన్‌లో, మూడో తరగతి పెట్టెలో, ఎవరూ దిగదీసుకోని స్టీలు ట్రంకులో ఆయన శవం ముక్కలై దొరికింది. దివాన్ అల్లుడు పాకాల నారాయణస్వామి మీద హత్య కేసు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి బరంపురం అందులో చేరింది కనుక అప్పీలు మద్రాసుకు బదులు పాట్నా హైకోర్టుకు వెళ్లింది. అక్కడి నుంచి లండన్‌లో ప్రీవీ కౌన్సిల్‌కు.

రమ్మని పిలిచిన ఆ ఉత్తరంలో సరిగ్గా ఏముందో రుజువు కాలేదు. కానీ భర్త వెళ్తూ తనతో అన్న మాటను ఆ బేవా సాక్ష్యంలో చెప్పింది. అది రికార్డులోకి ఎక్కింది. చావు దగ్గరపడిందని తెలియని మనిషి అన్న మాట మరణ వాంగ్మూలం ఎలా అవుతుందని డిఫెన్సువాళ్లు లండన్ దాకా వాదించారు. 1939 జనవరి 19న లార్డ్ అట్కిన్ తీర్పు చెప్పారు. చావుకు దారితీసిన పరిస్థితుల గురించిన మాటైతే చాలు, మన చట్టం ప్రకారం అది చెల్లుతుందని. నిందితుడు అరెస్టుకు ముందు పోలీసులకు చెప్పిన మాటలను మాత్రం సాక్ష్యంగా వాడకూడదన్నారు. అవి తీసేసినా మిగిలిన రికార్డు శిక్షకు సరిపోతుందని అప్పీలు కొట్టేశారు. పిఠాపురంలో ఒక ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య జరిగిన ఒక్క ముక్క సంభాషణ సముద్రం దాటి ఈ దేశపు చట్టమైంది. ఆ బేవా లండన్ వెళ్లలేదు. ఆమె మాట కాగితం మీద పూర్తిగా ఉంది కనుక అది వెళ్లింది.

వకీలు గారు చెప్పిన ఇంకో సంగతి నాకు బాగా గుర్తుంది. మన గోదావరి జిల్లాల అప్పీళ్లు ఒకప్పుడు మద్రాసు వెళ్లేవి. 1954లో గుంటూరు, 1956లో హైదరాబాద్, 2019 జనవరి 1 నుంచి అమరావతి. కోర్టు ఎక్కడికి మారినా జనం బోను దగ్గర అన్న మాటలు ఆ కట్టల్లోనే ప్రయాణం చేశాయి.

తర్వాత మా బి-3 సంగతికి వచ్చారు. ఒక కాగితం మీద ఎతరాజ్ మూడు రకాలు, మూడింటి ఆయుష్షూ వేరు అన్నారు.

మొదటిది స్టాంపు. చాలినంత స్టాంపు లేదని కాగితం మార్కు చేసే క్షణంలోనే లేచి చెప్పాలి. ఒకసారి కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకున్నాక, స్టాంపు చట్టం 36వ సెక్షన్ ఆ తలుపు మూసేస్తుంది. అప్పీలులో కూడా తెరుచుకోదు. 1961లో జావేర్ చంద్ కేసులో సుప్రీం కోర్టు ఇది తేల్చేసింది. 2001లో పాంచాల్ కేసులో, మిగతా అభ్యంతరాలు రాసుకుని చివర్లో తేల్చుకోవచ్చు గానీ స్టాంపు అభ్యంతరం మాత్రం అక్కడికక్కడే తేల్చాలని చెప్పింది. జూనియర్ తల ఎత్తని ఆ క్షణంలో మాకు ఈ ఎతరాజ్ శాశ్వతంగా పోయింది.

రెండోది రుజువు చేసే పద్ధతి. అసలు తేకుండా నకలు తెచ్చారని, రాసినవాణ్ణి పిలవలేదని, ఇలాంటివి. ఇవి కూడా అప్పుడే చెప్పాలని 2003లో వెంకటాచల గౌండర్ కేసులో సుప్రీం కోర్టు అంది. అప్పుడే చెబితే అవతలివాడు అసలు తెచ్చుకునేవాడు, సాక్షిని పిలుచుకునేవాడు. ఊరుకుని పై కోర్టులో పట్టుకుంటే అది ఇన్సాఫ్ కాదు.

మూడోది, చట్టమే పనికిరాదన్న కాగితం. మార్కు పడినంత మాత్రాన అది పనికొచ్చేది కాదు. ఆ అభ్యంతరం అప్పీలులోనూ బతికే ఉంటుంది. వంద రూపాయలు, అంతకు మించి విలువున్న స్థిరాస్తిలో హక్కు వదులుకునే కాగితం రిజిస్టరు కావాలి. కాకపోతే రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ ప్రకారం ఆ వదులుకోవడానికి అది సాక్ష్యం కాదు. మాకు మిగిలిన ఆశ ఇదే.

నేను హిబా గురించి అడిగాను. మన వాళ్లలో హిబా నోటిమాటతో చెల్లుతుందని, కాగితం రాసుకున్నా రిజిస్టరు కాలేదన్న ఒక్క కారణంతో అది పోదని, 2011లో మన రాష్ట్రం నుంచి వెళ్లిన హఫీజా బీబీ కేసులోనే సుప్రీం కోర్టు అందని ఎక్కడో చదివాను. నిజమే అన్నారాయన. కానీ హిబాకు ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకోవడం, స్వాధీనం చేయడం మూడూ ఉండాలి. ఈ కాగితం డబ్బు తీసుకుని వదులుకున్నట్టు రాసింది. దాన్ని హిబా అనలేరు.

అవతలివాళ్లు ఊరుకుంటారా? అప్పీలులో కొత్త దారి పట్టారు. హక్కు వదిలింది ఈ కాగితంతో కాదు, అంతకుముందే ఇంట్లో నోటితో ఒప్పందం అయిపోయింది, దాన్ని గుర్తు కోసం రాసుకున్నాం, అలాంటి దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు అన్నారు. చట్టంలో ఆ వాదనకు చోటుంది. దాంతో మూడో ఎతరాజ్ ఒక్కటే సరిపోలేదు. చివరికి కేసంతా ఒక ప్రశ్న దగ్గర ఆగింది. ఆ కాగితంలో ఏముందో ఫుప్పూకి తెలుసా?

జడ్జి గారు ఫుప్పూ బయాన్ తెప్పించి చదివారు. ప్రశ్న, జవాబు, అభ్యంతరం, మూడూ అక్కడున్నాయి. అక్షరం రాని మనిషితో వేయించిన కాగితం మీద ఆధారపడేవాళ్లే, ఆమెకు అర్థమయ్యేలా చదివి చెప్పామని రుజువు చేయాలి. ఇది పర్దానషీన్ ఆడవాళ్ల కోసం ప్రీవీ కౌన్సిల్ రోజుల నుంచి ఉన్న రక్షణ. చదువురాని వాళ్లకూ వర్తిస్తుంది. అవతలి సాక్షుల్లో ఒక్కరు కూడా చదివి వినిపించామని చెప్పలేదు. ఫుప్పూ వినిపించలేదని చెప్పినట్టు రికార్డులో ఉంది. కింది తీర్పు రద్దయింది. ఐదులో ఒక వంతుకు ప్రాథమిక డిక్రీ వచ్చింది. అవతలివాళ్లు రెండో అప్పీలుకు వెళ్లలేదు. తోట కొలవడానికి కమిషనర్ని వేశారు. చివరి డిక్రీ ఇంకా రావాలి. ఫుప్పూకి ఇప్పుడు డెబ్బై రెండు. సబర్ ఆమెకు కొత్త కాదు.

ఆ రోజు జడ్జి గారు చేసినది దయ అని మేం చాలాకాలం అనుకున్నాం. కోడ్‌లో ఉన్నదేనని వకీలు గారు చూపించారు. 18వ ఆర్డరు పదో రూలు ప్రకారం, ప్రత్యేక కారణం కనిపిస్తే ఏ ప్రశ్ననైనా జవాబునైనా అభ్యంతరాన్నైనా ఉన్నదున్నట్టు రాయమని కక్షిదారు కోర్టును కోరవచ్చు. అభ్యంతరం చెప్పిన ప్రశ్నను కోర్టు అనుమతిస్తే ప్రశ్న, జవాబు, అభ్యంతరం, చెప్పినవాడి పేరు, కోర్టు నిర్ణయం అన్నీ రాయాలని పదకొండో రూలు. అప్పీలుకు వీలున్న కేసుల్లో సాక్ష్యం ఎలా రాయాలో ఐదో రూలు చెబుతుంది.

కోర్టు మెట్లెక్కబోయే నా వాళ్లకు నేను చెప్పేది ఇంతే. వకీలు సాబ్‌ను ముందురోజే అడగండి, అవతలివాళ్లు ఏ కాగితాలు మార్కు చేయబోతున్నారని, వాటి మీద మన ఎతరాజ్ ఏమిటని. చెప్పిన ఎతరాజ్ బయాన్‌లో ఎక్కిందో లేదో చూడమనండి. నోటితో అన్నది గాలికి పోతుంది. మన కాగితాన్ని కోర్టు తీసుకోకపోతే, తీసుకోలేదన్న ఉత్తర్వు రాతపూర్వకంగా ఉండేలా చూసుకోండి. పైన 27వ రూలు తలుపు తట్టడానికి అదే మీ ఆధారం. మధ్యలో ఐ.ఏ.లు కొట్టేస్తే ఆ నకళ్లు దాచండి. తీర్పును దెబ్బతీసేంత తప్పు వాటిలో ఉంటే అప్పీలు మెమోలో ఒక కారణంగా చూపించడానికి 105వ సెక్షన్ వీలిస్తుంది. మెమోలో రాయని కారణాన్ని కోర్టు అనుమతి లేకుండా వాదించడానికి లేదు, కాబట్టి దాఖలు చేసే ముందు ఎవరి చేతనైనా చదివించుకుని వినండి.

బోనులో ఉన్నప్పుడు భయపడకండి. చదివి వినిపించమని అడగండి. మీరన్నది అందులో లేకపోతే లేదని చెప్పండి. ఆ తర్వాతే వేలు ఇంకులో పెట్టండి, లేదా పెన్ను తీయండి.

ఫైసలా మీకు వ్యతిరేకంగా వస్తే, ఏడవడం ఇంటికెళ్లాక. ముందు నకలు అర్జీ పెట్టండి. జిల్లా కోర్టుకు అప్పీలు గడువు ముప్పై రోజులు, హైకోర్టుకైతే తొంభై. నకలు తయారవడానికి పట్టిన రోజులను ఆ లెక్కలోంచి తీసేస్తారు. అర్జీ పెట్టిన తారీఖు, స్టాంపులు అడిగిన తారీఖు, కట్టిన తారీఖు, నకలు సిద్ధమైన తారీఖు, అన్నీ ఆ నకలు మీదే వేస్తారు. వాటిని ఒకటికి రెండుసార్లు చూసుకోండి.